వీపాయన

“చూడకండి! దానివైపు అస్సలు చూడకండి!”

గేటు తీసిన మనిషి ఉలిక్కిపడి ఆగిపోయాడు. చేతిలో గుడ్డ సంచి ఉంది. నోటిదాకా వచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది.

“మాట్లాడకండి కూడా! ఆ మెట్టు మీద అటు తిరిగి కూర్చోండి. వీపు ఇటు!” అంది టైలరమ్మ గుసగుసగా, మెడలో టేపు సర్దుకుంటూ.

ఆయన బుద్ధిగా కూర్చున్నాడు.

లోపల కుట్టుమిషన్ కింద కుక్క గజగజ వణుకుతోంది. వచ్చిన రోజు నుంచీ దానికి అదే పని. అందుకే అత్తగారు దానికి గజగజ అని పేరు పెట్టింది.

కుక్కల షెల్టర్ మేడమ్ అప్పగించినప్పుడే చెప్పింది. “ఎవరో కొట్టి వదిలేశారమ్మా. కొన్నాళ్లు మీ ఇంట్లో ఉంచుకుని భయం పోగొట్టండి. కొత్తవాళ్ల చేతిలో తింటే ఎవరైనా పెంచుకుంటారు. లేదంటే మళ్లీ బోనే గతి.”

ఇంట్లోవాళ్లకు అది త్వరగానే అలవాటైంది. కొత్త మనిషి కనబడితే మాత్రం మిషన్ కిందికే పరుగు. రోజూ కొత్త మనుషుల్ని ఎక్కణ్ణుంచి తేవడం? పక్కింటావిడ ఒకసారి కూర్చుంది కానీ, ‘బుజ్జీ, కన్నా’ అంటూ వెనక్కి తిరిగి పని చెడగొట్టింది.

దాంతో టైలరమ్మ దారాల కొట్టాయన్ని బతిమాలుకుంది. “నోరు మెదపని మనిషెవరైనా ఉంటే మా ఇంటికి పంపండి, మీకు పుణ్యముంటుంది!”

“భలే మనిషిని పంపాడే! ఉలుకూ లేదు, పలుకూ లేదు,” అంది అత్తగారు.

“ష్! అత్తయ్యా, అటు చూడండి!”

మిషన్ కింద నుంచి నల్లటి ముక్కు ఒకటి బయటికొచ్చింది.

ఆ రోజుకి ముక్కు ఒక్కటే. అయినా టైలరమ్మకు కాళ్లు నేలమీద నిలవలేదు.

“రేపు కూడా వస్తారా అండీ?”

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆ కాస్త అలికిడికే గజగజ చెవులు వెనక్కి వాలాయి. ఆయన నోరు మూసుకుని తలూపాడు.

మర్నాడు వచ్చాడు. ఆ తర్వాతా వస్తూనే ఉన్నాడు. అదే సంచి, అదే మెట్టు, అదే వీపు. అత్తగారు ఆయనకు వీపాయన అని పేరు పెట్టేసింది. పేర్లు పెట్టడంలో ఆవిడది చెయ్యి తిరిగిన పనితనం.

గజగజ గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం దాటింది. ఒకరోజు ఆయన చొక్కా వాసన చూసి, తన ధైర్యానికి తనే హడలిపోయి లోపలికి పరుగెత్తింది. వీపాయన నవ్వు వినబడలేదు కానీ భుజాలు కదిలాయి.

ఇంకోరోజు ఆయన వెనక్కి చాచిన అరచేతిలో బిస్కెట్ ముక్క ఉంది. గజగజ మెడ సాగదీసింది. ఇంకాస్త సాగదీసి లటుక్కున అందుకుంది!

టైలరమ్మ అరుపు బయటికి రాకుండా కుడుతున్న గుడ్డ నోట్లో కుక్కుకుంది.

ఆ వారమే గజగజ ఆయన ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. టైలరమ్మ ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది.

“మేడమ్ ఫోన్ చేసింది! భార్యాభర్తలూ, ఓ చిన్న పాపా, పెద్ద పెరడూ! ఆదివారం చూడ్డానికి వస్తున్నారు!”

వీపాయన మొదటిసారి నోరు విప్పాడు. గజగజ కదల్లేదు.

“పాప ఉందా?”

“ఉంది! అప్పుడే బంతి కూడా కొనేసిందట!”

కుక్క తలమీద ఆయన చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.

“ఆడుకునేవాళ్లుంటే మంచిదమ్మా దీనికి.”

“మీరూ రావాలి. అది బెదిరితే మీరే దిక్కు!”

“వస్తాను.”

ఆదివారం మెట్టు మీద రెండు వీపులు కనబడ్డాయి. ఒకటి పెద్దది, ఒకటి పాపది. ఇద్దరి చేతుల్లోనూ బిస్కెట్లు. వాకిట్లో ఓ పక్కగా పాప అమ్మానాన్నలూ, షెల్టర్ మేడమూ నిలబడ్డారు.

గజగజ గుమ్మంలో నిలబడి ఇటూ అటూ చూసింది. తిన్నగా వీపాయన దగ్గరికి నడిచింది.

అయిపోయింది, ఇక బోనే అనుకుంది టైలరమ్మ.

వీపాయన వెనక్కి తిరగలేదు. మెల్లగా గుప్పిట మూసి, చేతులు కట్టుకుని, మెట్టు చివరికి జరిగాడు.

గజగజ కాసేపు ఆ వీపునే చూసింది. తర్వాత పాప చెయ్యి వాసన చూసింది. లటుక్కున అందుకుంది!

“తినేసింది! నా చేతిలోదే తినేసింది!” పాప కేకకు కూడా అది పారిపోలేదు. తోక ఊపింది! అత్తగారు చప్పట్లు కొట్టింది. టైలరమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. పాప వెంట గజగజ ఒక్క గెంతులో కారెక్కేసింది.

వీపాయన లేచాడు.

“రేపటి నుంచి మీకీ శ్రమ లేదండీ! మీ పని అయిపోయింది!” అంది టైలరమ్మ సంబరంగా.

“అయిపోయిందమ్మా,” అని ఆయన గేటు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

కారు కూడా వెళ్లిపోయింది. అప్పుడు చూసింది అత్తగారు.

“అయ్యో, ఆయన సంచి మర్చిపోయాడే!”

తెరిస్తే లోపల ఎర్రటి మెడ బెల్టు, గొలుసు, తిండి గిన్నె, మెత్తటి చిన్న పరుపు ఉన్నాయి. అన్నీ కొత్తవే.

టైలరమ్మ దారాల కొట్టాయనకు ఫోన్ చేసింది. “మీరు పంపినాయన ఇల్లెక్కడండీ?”

“నేనా? మనిషి దొరక్క నేనెవర్నీ పంపలేదమ్మా!”

షెల్టర్ మేడమ్ గేటు వైపు చూస్తూ అంది. “ఆయన్ని చూసి నేనూ ఆశ్చర్యపోయా. ఇన్నాళ్లూ ఏ కబురూ లేదు, మొన్న ఫోన్ చేసి, తనకొద్దు, పాప ఉన్న ఇంటికే ఇవ్వండన్నాడు. కుక్క నచ్చలేదేమో అనుకుని, మీరు బాధపడతారని మీ దగ్గర ఆ మాట ఎత్తలేదు.”

“ఆయన మీకెలా తెలుసు?”

“ఒక్కణ్ణే ఉంటున్నా, తోడుగా ఆ కుక్కను పెంచుకుంటానని అందరికంటే ముందు వచ్చి మీ ఇంటి అడ్రస్ తీసుకెళ్లింది ఆయనే కదమ్మా!”