ఖాళీ సీటుకు బెల్టు

కొత్త కారుకు హమూద్ అంటే లెక్కలేదు. ఆ విషయంలో ఇక విచారణ అక్కర్లేదు.

"దీన్ని తీసేసుకో. నా పాత పికప్ నాకిచ్చెయ్యి," అన్నాడు షెడ్డులో మెకానిక్ హిలాల్‌తో.

"పికప్‌ని తుక్కు కింద అమ్మేశారుగా పెద్దాయనా! ఇంతకీ ఏం చేసిందిది?"

"ఏం చెయ్యలేదో అడుగు. గీత దాటితే స్టీరింగు వణుకుతుంది. గంట నడిపితే కప్పు బొమ్మ చూపించి కాఫీ తాగమంటుంది. నాకు ఆరో ఏటి నుంచి కాఫీ అలవాటు. ఇదా నాకు చెప్పేది?"

హిలాల్ నవ్వుతూ తలుపు తీశాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. దానికి బెల్టు బిగించి ఉంది.

"ఇదేంటి?"

"నీళ్ళ క్యాను పెడితే బెల్టు పెట్టమని గోల. పెట్టాను."

"క్యాను లేదుగా ఇప్పుడు?"

హమూద్ వంగి ఆ బెల్టు మెలిక సరిచేశాడు. నాలుగు నెలల క్రితం వరకూ పికప్‌లో ఆ పక్కన భార్య రయ్యా కూర్చునేది. ముప్ఫై ఎనిమిదేళ్ళు కూర్చుంది. చివరి ఏడాది రొమ్ములో జబ్బు పెట్టుకుని కూర్చుంది. అక్కకు చెప్పింది, కూతురికి చెప్పింది, పొరుగింటావిడకు కూడా చెప్పింది. మొగుడికి మాత్రం చెప్పలేదు. అతను దాన్ని క్షమించలేదు. మట్టి వేసి వచ్చాక మళ్ళీ ఆ సమాధి ముఖం చూడలేదు. చూడనని కూతురి ముందే ఒట్టు వేశాడు.

"ఇవన్నీ పోనీ," అన్నాడు. "వాగు దాటాక ఖబరస్తాన్ ఉంది చూడు, అక్కడ బ్రేకు వేస్తోంది. దానంతటదే. రోజూ మనవరాలిని బడికి తీసుకెళ్ళేటప్పుడు. మొన్న వెనక నీళ్ళ ట్యాంకరు గుద్దేయబోయింది. దాన్తో మా బద్రియా పిల్లని నా కారు ఎక్కనివ్వడం లేదు."

బద్రియా మాట అతని చెవిలో ఇంకా ఉంది. కారు బాగుపడేదాకా జవాహెర్‌ని పంపను నాన్నా, నీ మీద కోపం కాదు, అది పసిది. పొద్దున్న ఆ ఇరవై నిమిషాలు పిల్ల వాగుతుంటే వినడం తప్ప, హమూద్‌తో రోజంతా మాట్లాడేవాళ్ళు లేరు.

"అడ్డంగా ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారు? అక్కడున్నవాళ్ళు లేచి రోడ్డెక్కరు."

"అప్పుడు మీ కాలెక్కడుంది?"

"ఎక్కడుంటుంది? నలభై ఏళ్ళుగా నడుపుతున్నాను. నన్నా అడిగేది?"

"సర్లెండి, ఒకసారి నడిపి చూస్తాను. మీరు పక్కన కూర్చోండి."

హమూద్ బెల్టు విప్పి రయ్యా వైపు కూర్చున్నాడు. అటు నుంచి చూస్తే రోడ్డు వేరేగా ఉంది. వాగు దాటారు. కుడి చేతి వైపు ఎండలో సమాధి రాళ్ళు మొదలయ్యాయి. మగవాళ్ళకు రెండేసి, ఆడవాళ్ళకు మూడేసి. రోడ్డు పక్క వరసలో మూడో సమాధికి ఎర్రమట్టి ఇంకా కొత్తగా ఉంది.

ఇక్కడికి రాగానే రయ్యా అతని మోకాలు తట్టేది. "నెమ్మది. సలాం చెప్పుకోవాలి." అతను నెమ్మది చేసేవాడు. ఆమె కిటికీ దింపి, ఇద్దరి తరఫునా చనిపోయినవాళ్ళకు సలాం చెప్పేది. "నీ నోరు అరిగిపోతుందా?" అని ప్రతిసారీ దెప్పేది. అతను ఒక్కసారి కూడా చెప్పలేదు.

హమూద్ ముఖం తిప్పుకున్నాడు. మోకాలి మీద ఏదో తగిలినట్టయింది. చూసుకుంటే ఏమీ లేదు.

కారు ఆగలేదు. అదే వేగంతో దాటిపోయింది.

"చూశారా? ఏమీ లేదు," అన్నాడు హిలాల్.

"నువ్వు నడిపితే ఎందుకు వేస్తుంది? దాని పగ నా మీద."

"బండికి పగేంటి పెద్దాయనా?"

"బండికి కాదు," అనబోయి హమూద్ నోరు మూసుకున్నాడు.

షెడ్డు దగ్గర దిగేటప్పుడు కాళ్ళ కింద రబ్బరు పట్టా ముందుకు జరిగి ముడుచుకుపోయి ఉంది. వంగి సరిచేశాడు. రయ్యా వైపు ఏదీ చిందరవందరగా ఉండకూడదు.

"ఒక పని చేద్దాం," అన్నాడు హిలాల్, కారుకు తీగ తగిలిస్తూ. "గట్టిగా బ్రేకు పడ్డ ప్రతిసారీ బండి రాసుకుంటుంది. చోటు, టైము, తనే వేసిందా, కాలు వేసిందా, అంతా."

"రాసుకోనీ. దాని నేరం అదే ఒప్పుకుంటుంది."

కాగితం బయటికొచ్చింది. హిలాల్ పైనుంచి కిందికి చదివాడు. మళ్ళీ పైనుంచి చదివాడు. నవ్వు పోయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు.

"డబ్బులేం వద్దు. మీరే చూసుకోండి."

హమూద్ తలుపు మూసుకుని కారులో కూర్చున్నాడు. సాయంకాలపు అసర్ నమాజు పిలుపు వినిపించేదాకా కారు కదలలేదు.

ఇంటికొచ్చేసరికి బద్రియా వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. అతని దుస్తుల అంచుకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. ఆమె దాన్ని చూసింది.

"ఏమన్నారు నాన్నా?"

"బాగైంది. రేపు పిల్లని పంపు. పది నిమిషాలు ముందే తయారు చెయ్యి. దార్లో బండి పక్కకు తీసి ఆపాలి."

"ఇంతకీ లోపం ఎక్కడట?"

"ఇక ఆ ఊసెత్తకు బద్రియా. నేనూ ఎత్తను. బతికున్నంతకాలం ఎత్తను."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మడతల కాగితం గుమ్మం దగ్గర పడిపోయి ఉంది. బద్రియా తీసి విప్పింది. ఖబరస్తాన్ దగ్గర పదకొండుసార్లు.

పదకొండుసార్లూ బ్రేకు వేసింది అతని కాలే.