నోరు కట్టేసిన కారు

ఏడు లక్షల కిలోమీటర్లు తిరిగినా సూరమ్మ కారు ఇంకా గాలిలా పోయేది. ఆ రోజుల్లో కార్లు రోగమొస్తే తామే నోరు తెరిచి చెప్పేవి. చూసుకోవడానికి వేరే గేజులు ఉండేవి కావు. మూడుసార్లు చెప్పాక కంపెనీ ఎక్కడినుంచో కారు కదలకుండా తాళం వేసేసేది. అందుకే పాత కారు కొన్నవాళ్లంతా ముందు మెకానిక్ సూరమ్మ చేత దాని మాట తీగ కోయించేవారు. తన కారు తీగా ఆమే కోసింది.

ఒక రాత్రి ఆమె మొగుడు గవరయ్యను పాము కరిచింది. ఆసుపత్రికి అరవై కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు మధ్యలో కారు గట్టిగా మూలిగి ఆగిపోయింది.

"ఏటయినాదే?" అన్నాడు వెనక సీట్లోంచి గవరయ్య.

"నువ్వు కళ్లు ముయ్యకు మావా. నన్ను తిడతా ఉండు."

"నలభై ఏళ్లు తిట్టినా ఇన్లేదు. ఇప్పుడింతావేటి?"

సూరమ్మ బానెట్ ఎత్తి చీకట్లో ఎంత వెతికినా జబ్బు దొరకలేదు. తాను కోసిన తీగనే మళ్లీ కలిపింది.

కారు నెమ్మదిగా నోరు విప్పింది.

"ఆయిల్ కారిపోతోందని పదకొండు రోజులుగా చెబుతున్నాను. ఇంజను పట్టేసింది. ఇక కదల్లేను."

"ఇన్నావా, మావా?"

వెనక సీట్లోంచి తిట్టు రాలేదు.