మెల్లగా లేచే గొంతు

మా అమ్మాయి కంప్యూటర్‌లో పెట్టెల్లాంటి బొమ్మలు గీసి, వాటిని గీతలతో కలిపి సంగీతం చేస్తుంది. "శబ్దం ఒక్కసారిగా మొదలైతే టక్‌మంటుందమ్మా. అందుకే మెల్లగా లేపి, మెల్లగా దించాలి. నువ్వేమో తలుపు దభాలున తీస్తావు," అని నవ్వేది.

నెల రోజులుగా గడియ పెట్టుకుని లోపల ఎవరితోనో గుసగుసలాడుతోంది. నా పాడు మనసు కీడే శంకించింది. ఒక రాత్రి గడియ పెట్టడం మరచి నిద్రపోయింది. కన్నకూతురి గదిలోకి దొంగలా మునివేళ్ల మీద వెళ్లాను. తలచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

కంప్యూటర్‌కున్న హెడ్‌ఫోన్ పెట్టుకుని మీట నొక్కాను. వినిపించింది నా గొంతే.

"తిన్నావా? ఫోన్‌లో ఎవరే? ఇంతసేపేంటి?"

నేను రోజూ కసిరే మాటలే. నాకు తెలియకుండా రికార్డు చేసుకుని, ఒక్కో మాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియనంత మెత్తగా మార్చుకుంది. ఇన్నాళ్లూ ఈ అమ్మతోనా మాట్లాడుకుంటోంది? సిగ్గుతో చచ్చిపోయాను. హెడ్‌ఫోన్ తీసి, దాని వైరు పీకేశాను.

మంచం మీద అమ్మాయి కదిలింది. "అమ్మా, నువ్వేనా?"

ఔనంటే, ఎందుకొచ్చావని అడుగుతుంది.

అప్పుడు నా చేతిలోని హెడ్‌ఫోన్‌లోంచి, పీకిన వైరు నేల దాకా వేలాడుతుండగానే, నా గొంతు పలికింది.

"నేనే తల్లీ. నిద్రపో."

అంత ప్రేమగా నేనెన్నడూ అనలేదు.

"సరేనమ్మా," అని అమ్మాయి అటు తిరగబోయి, నా వైపు చూసి ఆగింది.

"మరి ఇక్కడ నిలబడిందెవరమ్మా?"