అన్నయ్య ఎక్స్‌రే

2006లో ఒక రాత్రి ఉష తన ఎక్స్‌రేతో పామర్రులోని మా ఇంటికి వచ్చింది. ఆమె మా అన్నయ్య కూతురు. ఆయన అప్పటికి పదకొండేళ్ల క్రితం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు.

“నాన్నగారంటే చుట్టలు కాల్చారు. నేనేం కాల్చాను బాబాయ్?”

తొంభైతొమ్మిది సూర్యగ్రహణం చూడటానికని దాచుకొన్న అన్నయ్య ఎక్స్‌రేను బీరువాలోంచి తీశాను. రెండు ఫిల్ములనూ కలిపి ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకొన్నాను. ఆయన తెల్లని మచ్చ ఆమె మచ్చపై వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది.

“కాల్చనివాళ్లకు ఇలా రావడం చాలా అరుదట బాబాయ్. జన్యువుల్లోనే వస్తుందట. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టర్‌గారు రెండుసార్లు అడిగారు.”

“ఎవరికీ లేదమ్మా” అని గట్టిగా చెప్పబోయాను. దగ్గు వచ్చింది. ఆపుకోలేకపోయాను.

ఉష ఫిల్ముల మీదినుంచి చూపు తిప్పలేదు.

“మీకు ఎన్నాళ్ల నుంచి బాబాయ్?”