రెండు వందల పన్నెండు సంతకాలు

ఫైలు మీద చంద్రరావు పేరు చూడగానే ప్రిస్కిల్లా ఆ పని తనకే కావాలని అడిగింది.

రాజమండ్రిలో ఆమె పనిచేసే చిన్న ఆఫీసు చేసేది ఒకటే పని. ఎవరైనా పెద్ద కట్టడం తలపెడితే, దానివల్ల గాలిలోకి ఎంత కార్బన్ వెళ్తుందో ముందే లెక్కగట్టి చెప్పడం. చంద్రరావు కడియం పక్కన డెబ్బై రెండు ఎకరాల వరిచేలు కొన్నాడు. పన్నెండు ఎకరాలు రెండేళ్ల కిందటే మట్టి తోలించి మెరక చేశాడు. మిగతా అరవై కూడా మెరక చేసి విల్లాలు కడతాడట. పెట్టుబడి పెడతానన్న విదేశీ కంపెనీ ఒక షరతు పెట్టింది. కార్బన్ ముప్పై వేల టన్నులు దాటితే వాళ్లు రారు.

"ఆ మనిషి మీద నీకేదో కోపం ఉన్నట్టుంది," అన్నారు ఆఫీసు పెద్ద మణిశంకర్. "కోపంతో లెక్కలు రాయకూడదమ్మా."

"రాయనండి. ఒక్క టన్ను కూడా ఎక్కువ వెయ్యను."

ఆ మాట నిజమే. కోపమూ నిజమే. ఆమె కోరుకునేది ఒక్కటే. చంద్రరావు కూలిపోవాలి. అదీ ఆయన చేజేతులా జరగాలి.

సైటు చూడటానికి వెళ్లిన రోజు, మెరక చేసిన ఆ ఎర్రమట్టి మీద నిలబడితే ఆమెకి అరికాళ్లు మండిపోయాయి. చంద్రరావు స్వయంగా కొబ్బరిబొండం పట్టుకొచ్చాడు.

"ఎండలో ఏంటండీ ఈ తిప్పలు! నీడలోకి రండి. మీదే ఊరండి?"

"ఇక్కడేనండి. కడియం."

"మన ఊరోళ్లే అయితే! ఇంకేంటండి, మన పని అయిపోయినట్టే."

ప్రిస్కిల్లా బొండం తాగలేదు. కొట్టబోయే కొబ్బరిచెట్లు లెక్కపెట్టింది. సిమెంటు, ఇనుము, డీజిల్, కోరుకొండ వైపు నుంచి మట్టి తోలే టిప్పర్లు, అన్నీ రాసుకుంది. నీళ్లు నిలిచిన వరిచేలు ఇకముందు మీథేన్ వదలవు కాబట్టి, ఆ మేరకు తగ్గించింది కూడా. మొత్తం ముప్పై ఒక్క వేల నాలుగు వందల టన్నులు తేలింది.

"ఇంక ప్రాజెక్టు లేనట్టే," అన్నారు మణిశంకర్. "నీ కోపం తీరిందా?"

"ఇంకా లేదండి."

మర్నాడు ఆమె చంద్రరావు ఆఫీసుకి వెళ్లి ఆ అంకె చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది.

"తగ్గించే దారేమన్నా ఉందా అండి?"

"ఒకటుందండి. మట్టి రవాణాకి కాగితాలు లేవని రూలు ప్రకారం ఎక్కువ దూరం వేశాను. మొదటి పన్నెండు ఎకరాలకి తోలినప్పటి ట్రిప్ షీట్లుంటే ఇవ్వండి. ఏ టిప్పరు, ఏ దారిన, ఎన్నింటికి వచ్చింది, ఎంత డీజిల్ తాగింది. మిగతా అరవైకీ అదే లెక్క వేస్తాను."

"ఉన్నాయా?" అని చంద్రరావు మేనేజరు వైపు చూశాడు.

"ఆయ్, ఉన్నాయండి. రోజుకో షీటు రాసేవాళ్లం."

"మొత్తం కావాలి," అంది ప్రిస్కిల్లా. "ఒక్క రోజుది లేకపోయినా చెల్లదు. ఇందులో ఉన్నదంతా నిజమని ప్రతి షీటు మీదా మీరే సంతకం పెట్టాలి."

మేనేజరు నసిగాడు. "అన్నీ ఎందుకండి, ఓ నెలవి ఇస్తే సరిపోదా?"

"తెచ్చిచ్చెయ్యవయ్యా!" చంద్రరావు కసిరాడు. "ఈ కార్బన్ కాగితాలు ఎవడు చదువుతాడు?"

రెండు వందల పన్నెండు షీట్లు. చంద్రరావు ఫోన్లో మాట్లాడుతూనే సంతకాలు పెట్టుకుంటూ పోయాడు. ఒక షీటు దగ్గర ప్రిస్కిల్లా ఊపిరి బిగబట్టింది. ఆయన దాన్ని చూడను కూడా చూడలేదు. గీకేసి తర్వాతది లాక్కున్నాడు. ఆ తేదీ ఆయనకి గుర్తే లేదు.

వారం తిరక్కుండానే కొత్త అంకె తేలింది. ఇరవై తొమ్మిది వేల ఆరు వందలు. చంద్రరావు లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.

"మీ మేలు మర్చిపోనండి."

"మర్చిపోలేరండి," అంది ప్రిస్కిల్లా.

రిపోర్టు తిరగేసి మణిశంకర్ ఆశ్చర్యపోయారు. "వాణ్ణి గెలిపించేశావేంటమ్మా?"

"లెక్క అంతేనండి."

ఆ సాయంత్రం ఆమె షీట్ల కట్టతో జిరాక్స్ షాపుకి వెళ్లింది. మధ్యలోంచి ఒకటి తీసి ఇచ్చింది.

"ఇన్నింట్లో ఇదొక్కటేనా అండి?"

"ఇదొక్కటే. కలర్లో తియ్యండి. సంతకం స్పష్టంగా పడాలి."

జూన్ పదకొండు. మొదటి ట్రిప్పు, కాలవగట్టు దారిన. సైటుకి చేరింది ఉదయం ఆరున్నరకి. పక్కన టిప్పరు నంబరు. కింద చంద్రరావు సంతకం.

కాగితం నలక్కుండా పట్టుకుని ప్రిస్కిల్లా రోడ్డు దాటి పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది.

రెండేళ్ల కిందట అదే ఉదయం, నర్సరీ పనికి నడిచి వెళ్తున్న చిట్టెమ్మని కాలవగట్టు మీద ఏదో బండి తొక్కి చంపేసి పోతే, ఆ రోజు తన టిప్పర్లు ఒక్కటీ కదల్లేదని పోలీసులకి రాసిచ్చాడు చంద్రరావు. ఆ చిట్టెమ్మకి ప్రిస్కిల్లా అనే కూతురుందని ఆయనకి తెలియదు.