నోరే రుజువు

"ఈ రసీదు చెల్లదు," అని ఆఫీసరు కాగితాన్ని వేలికొసతో వెనక్కి తోశాడు.

వేలంపాటాయన బిక్కమొహం వేశాడు. కట్టుడు పళ్ల దుకాణం దివాలా తీసి తలుపుకు కోర్టు తాళం పడింది. రిపేరుకిచ్చిన ఆయన పళ్లు లోపలే ఉండిపోయాయి. తెల్లారితే కూరగాయల మార్కెట్లో వేలం నడపాలి. మళ్లీ బోసినోటితో వస్తే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని కాంట్రాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

ఆయన ఏదో అన్నాడు. మాటకంటే గాలే ఎక్కువ వచ్చింది.

"ఏమంటున్నారమ్మా ఈయన?"

"రసీదు మీద నలభై ఒకటి, ఆ ట్రేలో సెట్టు మీదా నలభై ఒకటి. ఇంకేం కావాలంటున్నారు," అంది భార్య. పళ్లు పోయిన దగ్గర్నుంచి ఆయన తరఫున ఆవిడే మాట్లాడుతోంది. అంతకుముందూ ఆవిడే అనుకోండి.

"ఓనరు పారిపోతూ దొంగ రసీదులు కట్టలకొద్దీ రాసిచ్చాడమ్మా. అందుకే కోర్టు పోయిన నెల కొత్త ఉత్తర్వు ఇచ్చింది. రిపేరుకిచ్చిన వస్తువులు అప్పులవాళ్లకి పోవు, ఎవరివి వాళ్లకే. కానీ రసీదు చూసి కాదు, రుజువు చూసి. పళ్లకి రుజువేంటి? నోరే. పెట్టుకోమనండి."

పెట్టుకున్నాడు. పై వరస జారి కింది వరస మీద పడింది.

"పట్టలేదు. మీవి కావు," అని ఆఫీసరు రాసుకున్నాడు.

"వదులయ్యాయనే కదండీ రిపేరుకిచ్చింది!"

"చేశాడా రిపేరు?"

"చేసేలోపే మీరు తాళం వేశారు."

"అంటే, పట్టని పళ్లు మీవి?"

"అవునండి."

"పట్టేవి?"

"మావి కావు."

"మీ చెవులకైనా బాగుందా అమ్మా ఈ మాట?"

వేలంపాటాయన బుర్ర గిర్రున తిరిగింది. ఆఫీసరు చెప్పేది తప్పని తెలుస్తోంది. ఎక్కడ తప్పో దొరకడం లేదు.

ఆఫీసరు ఇంకో ట్రే జరిపాడు. ఒకటి పట్టలేదు. ఇంకొకటి దవడ నొక్కేసింది. పన్నెండో నంబరు మాత్రం అతికినట్టు కూర్చుంది.

"ఒకటోసారి... రెండోసారి..." అని చూశాడు. గొంతు గంటలా మోగింది.

"చూశారా, మీవే!"

"కావండి," అన్నాడు వేలంపాటాయన, స్పష్టంగా. "నాది నలభై ఒకటి. ఇది పన్నెండు."

"నంబరుదేముంది? మీ నోరే చెబుతోందిగా."

భార్య మోచేత్తో పొడిచింది. "సంతకం పెట్టండి. రేపు వేలం ఉందా లేదా?"

"ఎవడి పళ్లో ఏమోనే..."

"వాడికి మీవి పడతాయిలెండి."

'ఈ పళ్లకు అసలు సొంతదారుణ్ణి నేనే' అన్న కాగితం మీద ఆయన రెండుచోట్ల సంతకం పెట్టాడు. ఆఫీసరు ముద్ర గుద్ది, దుకాణం పాత రిజిస్టరు తెరిచి పన్నెండో నంబరు దగ్గర వేలు ఆపాడు. పేరు రాయాల్సిన చోట 'ఓనరు సొంతానికి' అని ఉంది.

ఆఫీసరు లేచి తలుపు గడియ పెట్టాడు.

"మూడు నెలలుగా మీకోసమే గాలిస్తున్నాం. కూర్చోండి, ఓనరు గారూ."