కుళ్లాయప్ప చేను యాడ?

"ఏయ్! ఎవురప్పా నువ్వు? ఎవుర్నడిగి చేన్లోకి దిగినావు?"

మారెక్క కేక వంక అవతలిదాకా వినిపించింది.

చేను మధ్యలో మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా నిలబెట్టి, పక్కనే నేల మీద కూర్చున్నాడు ఒకాయన. పట్నం మనిషి. ఎండకు ముఖం కందిపోయింది.

"నా పేరు రవికుమార్ అమ్మా. వీడియోలు తీస్తుంటాను. పట్నాలు, కొండలు, వంకలు..."

"ఎండిపోయిన వంకలో ఏముండాదని తీస్తావు?"

"ఉన్నది ఉన్నట్టే తీస్తాను."

మారెక్క కెమెరా చూస్తున్న వైపు చూసింది. జానెడు కూడా ఎదగకుండానే మాడిన వేరుశనగ, దాని వెనక ఎర్రరాళ్ళ గుట్ట. కదిలేది ఒక్కటీ లేదు. కదలని గుట్టకు వీడియో ఏమిటి? ఎవరికైనా వేపకాయంత వెర్రి ఉంటుందంటారు, ఈయనకు గుమ్మడికాయంత ఉన్నట్టుంది.

ఇంకో కాలమైతే నవ్వుకునేదే. ఇప్పుడు నవ్వు రాలేదు, భయం వేసింది.

యాడికి మండలమంతా సోలారు కరెంటు కంపెనీవాళ్ళు భూముల కోసం తిరుగుతున్నారు. ముందు ఒకడు కెమెరాతో వస్తాడు. నవ్వుతూ ఫొటోలు తీస్తాడు, చేను ఎవరిదని అడుగుతాడు. వీళ్ళ ఊళ్ళోనే ఎర్రప్ప అనే రైతు అట్లాగే నోరు విప్పి, పట్టా అన్న పేరు మీద ఉందని చెప్పేశాడు. బళ్ళారిలో కూలి చేసుకుంటున్న ఆ అన్నను వెతికి పట్టుకొని సంతకం పెట్టించుకొచ్చారు. ఇప్పుడు ఎర్రప్ప చేన్లో అద్దాల పలకలు పండుతున్నాయి.

అప్పటినుంచి ఊరంతా ఒక మాట మీద ఉంది. కెమెరా పట్టుకొచ్చినవాడు ఎవరి పేరడిగినా నోరు మెదపకూడదు.

మారెక్క చేను పట్టా ఆమె మొగుడు కుళ్లాయప్ప పేరు మీద ఉంది. కుళ్లాయప్ప ఎక్కడున్నాడో దేవుడికే తెలియాలి.

వద్దన్నా వినకుండా ఎద్దులమ్మి బోరు వేయించాడాయన. నీళ్ళు పడలేదు, తెల్లదుమ్ము లేచింది. "ఇంగ నా కంటికి కనపడాకు" అంది మారెక్క. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆయన నిజంగానే కనబడకుండా పోయాడు. బెంగుళూరు రైలెక్కాడని ఎవరో అన్నారు.

అక్కడినుంచి ఎవరొచ్చినా "మా ఆయప్ప యాడన్నా కనపడినాడా?" అని అడగడమే మారెక్క పని. తిరిగొస్తే కాలు పెట్టుకోవడానికి ఈ చేనన్నా ఉండాలని, పస్తులుండి విత్తనం వేస్తోంది.

"కుళ్లాయప్ప చేను ఎక్కడని ఊళ్ళో అడిగితే ఎవరూ చెప్పలేదమ్మా. ఇదేనా?" అన్నాడు రవికుమార్.

మారెక్క ఒక అడుగు వెనక్కి వేసింది. పేరు కూడా కనుక్కొని వచ్చినాడే!

"కాదు. ఇది వేరేవాళ్ళది. నేను కూలికొచ్చినా."

"ఆయన భార్య మారెక్క ఊళ్ళోనే ఉందా?"

మారెక్క కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"ఉండాది. నీకేం పని?"

"భర్త సంగతి ఎప్పుడైనా ఎత్తుతుందా అని..."

ఓహో, ఆచూకీ లాగుతున్నాడు! మారెక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆయమ్మకు వాడు సచ్చినోని లెక్క! పేరెత్తితే చెప్పు తీసుకుంటాది. నువ్వు పొయ్యి అడిగినా నీకూ అదే మర్యాద. పో!"

అనేసి, కొంగు కింద తాళిబొట్టు గట్టిగా పట్టుకుంది.

రవికుమార్ ముఖం వేలాడేసుకొని కెమెరా ఆపి సర్దుకున్నాడు. వంక దాటేదాకా మారెక్క అక్కడే నిలబడి చూసింది.

సాయంత్రం ఊళ్ళో ఆమెను మెచ్చుకోనివాళ్ళు లేరు. భూమిని కాపాడుకోవడమంటే మారెక్కను చూసి నేర్చుకోవాలన్నారు.

ఆ ఏడు వానలు పూర్తిగా ఎగ్గొట్టాయి. ఒక మధ్యాహ్నం పక్కింటి ఈశ్వరి, అంగన్‌వాడీ టీచరు, ఫోను పట్టుకొని పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! మన గుట్ట ఫోన్లో వచ్చింది, చూడు!"

మొదట బెంగుళూరు మేడలు, తర్వాత తమ ఎర్రరాళ్ళ గుట్ట. ఆ తర్వాత కడుతున్న మేడ కింద, సిమెంటు మూటల మీద కూర్చుని ఉన్న ఒక మనిషి. గడ్డం నెరిసింది, దవడలు లోపలికి పోయాయి.

"అయ్యో, మా ఆయప్ప!"

మారెక్క ఫోను లాక్కుంది. బతికే ఉన్నాడు! పాపం, ఆ ఒక్క క్షణం ఆమె సంతోషానికి హద్దు లేదు.

కుళ్లాయప్ప చేతిలో కెమెరా ఉంది. దాని చిన్న తెరలో ఏదో చూస్తున్నాడు. అందులోంచి సన్నగా ఒక ఆడగొంతు వినబడుతోంది. అది ఎవరిదో ఈశ్వరికి తెలియలేదు. మారెక్కకు తెలిసింది. ఆ రోజు చేన్లో తానన్న మాట మాటా గుర్తొచ్చింది.

కుళ్లాయప్ప చివరిదాకా విని, కెమెరాను మెల్లగా ఒళ్ళో బోర్లించాడు.

"ఫోన్ జెయ్యి ఈశ్వరీ! అదంతా అబద్ధమని చెప్పల్ల!"

వీడియో కింద ఉన్న నంబరుకు ఈశ్వరి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. రవికుమారే ఎత్తాడు.

"సామీ, ఆ పొద్దు చేన్లో అరిసిందాన్ని నేనే. మారెక్కను. భూమి కోసం వచ్చినావనుకొని అట్లన్నా. మా ఆయప్పకు ఫోనియ్యి సామీ, నీ కాళ్ళు మొక్కుతా."



"ఆయన లేడమ్మా. అది చూసిన మర్నాడే పని వదిలి వెళ్ళిపోయాడు. బట్టల సంచీ కూడా తీసుకోలేదు. బెంగుళూరంతా వెతికాను. ఎవరైనా గుర్తుపట్టి చెబుతారని ఆ వీడియో పెట్టాను."



"ఎందుకొచ్చినారో ఆ పొద్దే చెప్పింటే సరిపోతుండె గదా సార్!" అని ఈశ్వరి కసిరింది.

"చెప్పనని ఒట్టు వేయించుకున్నాడమ్మా," అన్నాడు రవికుమార్. "'నేను పంపినానని చెప్పకుండా మా మారెక్క మనసెట్లుండాదో కనుక్కోని రా సారూ, రానిచ్చేటట్లుంటే ఆ పొద్దే రైలెక్కుతా' అని ఆయనే నన్ను పంపాడు."